క్యూ చివర చోటు కోసం సెర్వాందో చేసిన గ్వాసా సమరం

స్వస్తి! మూడు దిక్కుల ఉప్పునీటిచే ముట్టడింపబడి, నాలుగో దిక్కున సన్నని ఇసుకదారి నొకదానిని పట్టుకొని యూరప్ ఖండానికి ఎలాగో వేలాడుచున్నదియు, ప్రాచీన నావికుల మొదలు నేటి విహారనౌకల యాత్రికుల వరకు ఎందరు దిగినను ఎవరినీ పెద్దగా లెక్కచేయనిదియు, గాలికిని ఎండకును నోటిదురుసుకును పుట్టినిల్లునైన కాదిస్ మహానగరమందు, తూర్పుగాలి పట్టిన పట్టు విడువక వీచుచు, మేడలపై ఆరవేసిన దుప్పట్లను పక్కవీధి వారికి దానము చేయుచున్న ఒకానొక నవంబరు శనివారపు ఉదయమున, ఓడల కార్ఖానాలో క్రేను సారథియై ఉక్కుపలకలను గాలిలో ఉయ్యాలలూపిన మహాభుజుడును, కాలరు మాత్రమే ఇస్త్రీ చేసిన చొక్కాను కవచముగా ధరించినవాడును, సెర్వాందో అను పేరుగలవాడును అగు వృద్ధవీరుడు, అరకిలో చేపలు కొనుటకై ఇల్లు వెడలెను.

అరకిలో చేపలకు ఇంత ఆర్భాటమెందుకని మీకు అనిపించవచ్చు. నిజమే, చేపలు ఎవరికి కావాలి? అవి ఏ కొట్టులోనైనా దొరుకుతాయి. సెర్వాందో ప్రాణాలకు తెగించి బయలుదేరింది క్యూ కోసం. క్యూలో తనకంటూ ఒక చోటు కోసం. అది తెలియాలంటే ముందు ఆ ఊరివాళ్ళ ఆయుధం గురించి చెప్పాలి.

దాని పేరు గ్వాసా. ఆ మాటకు మన భాషలో జోడీ వెదకబోయి నేను చాలాకాలం భంగపడ్డాను. హాస్యం అందామంటే, హాస్యమాడేవాడు తనూ కాస్త నవ్వుతాడు. గ్వాసా ప్రయోగించేవాడు పెదవి కదిపాడా, పరువు పోయినట్టే. ఎగతాళి అందామంటే, అందులో అవతలివాడు చిన్నబోవాలి. గ్వాసా తగిలినవాడు చిన్నబోతే సిగ్గుచేటు అతనికే. మన గోదావరి వాళ్ళ వెటకారం దీనికి పినతల్లి బిడ్డ అయివుండాలి, ఆ మొహంలో గాంభీర్యం చూస్తే పోలిక పట్టేయవచ్చు. పోనీ ఈ మాట ఒక్కచోట కుదురుగా ఉంటుందా అంటే అదీ లేదు. ఎవరైనా నమ్మశక్యం కాని కబురు మోసుకొస్తే "గ్వాసా మీదున్నావా?" అని అడుగుతారు. ఒక్క కాగితం కోసం ఆఫీసువాళ్ళు పదిసార్లు తిప్పితే "దీని గ్వాసా మామూలుగా లేదు" అని చెమట తుడుచుకుంటారు, అప్పుడు అందులో నవ్వు వీసమెత్తు ఉండదు. ఒకడిని చూపించి "వాడికి గ్వాసా ఉంది" అన్నారంటే అది పొగడ్తో హెచ్చరికో ఆ అన్నవాళ్ళకే తెలియదు. కానీ అన్నిటికీ వెనక ఒక శాసనం ఉంది, దాన్ని ఎవరూ మీరరు. గ్వాసా మనవాళ్ళ మీదే వెయ్యాలి. పరాయివాడికీ, పడనివాడికీ, పోలీసుకీ మర్యాద చేస్తారు. కాదిస్‌లో మిమ్మల్ని గౌరవంగా పలకరించారంటే మీరు ఇంకా ఆ ఊరివాళ్ళు కాలేదన్నమాట.

ఈ విద్యయందు సెర్వాందో ధర్మపత్ని తొమాసా అతిరథులలో అగ్రగణ్య. ఆమె రణరంగం చేపల బజారులో రెగ్లా కొట్టు. అక్కడి క్యూ మన క్యూలా ఒకరి వీపు ఒకరు చూస్తూ నిలబడేది కాదు. వచ్చినవాళ్ళు "ఆఖరెవరు?" అని గొంతెత్తి అడుగుతారు. ఒకరు చెయ్యెత్తుతారు. ఆ మనిషిని గుర్తుపెట్టుకుంటే చాలు, ఎటు తిరిగి ఎవరితో కబుర్లాడుకున్నా మీ వంతు మీదే. అలా ప్రతి శనివారం గంటకు తక్కువ కాకుండా తొమాసా ఆ గుంపులో నిలబడి యుద్ధం చేసేది, చేపలు తరుగుతూ రెగ్లా ఎదురుయుద్ధం చేసేది, ఇద్దరి బాణాలూ మధ్యలో సంచీ పట్టుకుని నిలబడిన సెర్వాందోకే తగిలేవి.

"అక్కా, బావని కూడా తూచమంటావా? ముల్లెక్కువ, కండ తక్కువ" అనేది రెగ్లా.

"తూచకే తల్లీ, తూచాక మళ్ళీ నేనే మొయ్యాలి" అనేది తొమాసా.

సెర్వాందో మొహం గోడలా పెట్టుకుని అంతా భరించేవాడు. లోపల మాత్రం పెళ్ళికొడుకులా ఉండేవాడు.

ఏప్రిల్ నెలలో తొమాసా స్వర్గస్థురాలయ్యెను. ఆ మరునాటి నుండి నగరము నగరమంతయు అస్త్రసన్యాసము గావించెను.

ఎవరూ చెప్పుకోలేదు, ఎవరూ ఒట్టు పెట్టుకోలేదు. అందరూ మంచివాళ్ళు కనక అందరూ ఒకే తప్పు చేశారు. కార్ఖానాలో వెల్డరుగా పనిచేసిన బాల్యమిత్రుడు గాల్వెస్, డామినోల బల్ల దగ్గర తల్లినైనా వదిలిపెట్టనివాడు, వరసగా ఓడిపోవడం మొదలుపెట్టాడు. ఎనభై దాటిన పక్కింటి అంగూస్తియాస్, ఆ వీధిలో నడిచే ప్రతి ప్యాంటుకూ ఒక పేరు పెట్టిన ముసలమ్మ, అతను ఎదురైతే తల ఒక పక్కకు వాల్చి "ఎలా ఉన్నావు నాయనా?" అనసాగింది. ఇక రెగ్లా అతన్ని బావా అనడం మానేసి "దోన్ సెర్వాందో గారూ, తమరికేం ఇమ్మంటారు?" అని అడగడం మొదలుపెట్టింది. అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే క్యూ అతన్ని నిలబడనివ్వడం మానేసింది. కనబడగానే అందరూ తప్పుకుని "మీరు కానివ్వండి, పాపం" అని కొట్టు ముందుకు సాగనంపేవారు. ఐదు నిమిషాల్లో చేపలు చేతికొచ్చేవి. ఇంటికి గంట ముందే చేరేవాడు. ఆ గంటను ఏం చేసుకోవాలో తెలియక చేపలను ఒకసారి కడిగి, పక్కన పెట్టి, మళ్ళీ కడిగేవాడు.

తొమాసా పోయిన దుఃఖాన్ని అతను ఎలాగో మోస్తున్నాడు. ఈ జాలిని మాత్రం మోయలేకపోయాడు. భార్య ఒక్కతే పోయిందనుకున్నాడు గానీ, ఆమె వెంట ఊరు కూడా పోయింది.

కావున ఆ శనివారమున సెర్వాందో స్నానాల గదిలో అద్దమునకు అభిముఖుడై, సబ్బునురగ సగము చెక్కిలిపై నిలిచియుండగా, క్షౌరకత్తిని ఖడ్గము వలె పైకెత్తి ఇట్లు ప్రతిన బూనెను: "ఓ ప్రతిబింబమా, వినుము! తూర్పుగాలి పడమటికి మరలుగాక! నెత్తళ్ళ చేపలు కాళ్ళు మొలిచి తీరమున విహరించుగాక! నేడు నేను రెగ్లా కొట్టు ముంగిట నా వంతు వచ్చునంతవరకు నిలిచియే తీరెదను! ఈ కరుణాసైన్యమును చీల్చి చెండాడెదను! వారి నోట ఒక్క తిట్టయినను తిననిదే ఇంటి గుమ్మము తొక్కను!"

నిజం చెప్పాలంటే అతని నోటి నుంచి వచ్చింది "ఇవాళ తేలుస్తా" అన్న రెండు ముక్కలే. మిగతాది మొహంలో రాసి ఉంది, నేను చదివాను.

బజారు మండపము ప్రవేశించెను. మంచుగడ్డల పర్వతములపై సార్డీనుల సేనలు రజతకాంతులతో బారులు తీరియుండ, రొయ్యలు మీసములు దువ్వుచుండ, కత్తులు పలకలపై మృదంగధ్వానము చేయుచుండ, ఆ వీరుడు రెగ్లా కొట్టును సమీపించి, గుండెనిండ గాలి పీల్చి, శంఖము పూరించినట్లు సింహనాదము చేసెను.

"ఆఖరెవరు?"

చేతులు లేవలేదు. పది పన్నెండు తలలు ఒకేసారి తిరిగాయి, ఒకేసారి ఒక పక్కకు వాలాయి. వసుదేవుడికి యమున దారి ఇచ్చినట్టు గుంపు రెండుగా విడిపోయి, మధ్యలో కొట్టు దాకా తిన్నని బాట ఏర్పడింది.

"ఆఖరేంటి నాయనా నీకు? రా, ముందుకు రా" అంది అంగూస్తియాస్.

"వద్దమ్మా. నేను ఆగుతాను."

"ఆగడమేంటి? నిలబడితే కాళ్ళు పీకవూ?"

"నా కాళ్ళకేం కాలేదు."

"నీకు తెలీదులే. దుఃఖం కాళ్ళలోకి దిగుద్ది. మా ఆయన పోయినప్పుడు నాకు దిగలా? మోకాళ్ళు ఇంతింత అయ్యాయి."

"నాకు దిగలేదమ్మా. చూడు, గెంతమంటే గెంతుతా."

"అయ్యో, గెంతుతాడంట పాపం" అని ఆ వృద్ధ, తన ద్విచక్ర కూరల బండిని రథమువలె ముందుకు నడిపి, దాని ఇనుప అంచును శత్రువు పిక్కలకు ఆనించి, దయాపూర్వకముగా నెట్టనారంభించెను. సెర్వాందో మడమలను తడినేలపై పాతి, పర్వతమువలె నిలువజూచెను. నేలమీద చేపనీళ్ళున్నాయి. పర్వతం జారింది.

కుడి పార్శ్వమునుండి గాల్వెస్ వచ్చి మిత్రుని మోచేయి ఒడిసిపట్టెను.

"వెళ్ళరా. నా వంతు నీకిచ్చేశా."

"నీ వంతు నాకెందుకురా?"

"సరే సరే. ఏడవకు."

"ఎవడేడుస్తున్నాడ్రా ఇక్కడ!"

"అదే నేననేది. ఏడవకు."

ఈ విధముగా ఎడమనుండి బండిచేతను, కుడినుండి స్నేహముచేతను, వెనుకనుండి పదిమంది నిట్టూర్పులచేతను తరుమబడి, ప్రతిజ్ఞ చేసిన అరగంటలోనే ప్రతిజ్ఞాభంగము పొంది, ఆ మహాభుజుడు రెగ్లా కొట్టు చలువరాతి పలకకు కొట్టుకొని ఆగెను. మొదటి యుద్ధం ఓడిపోయాడు.

రెగ్లా చేతులు తుడుచుకుంది. ఆమె గొంతు మామూలుగా బజారు ఆ చివర మాంసం కొట్లదాకా వినబడుతుంది. ఇప్పుడు ఆసుపత్రి గొంతు పెట్టింది.

"దోన్ సెర్వాందో గారూ, ఏం ఇమ్మంటారు?"

వీరుడు ధైర్యము వీడలేదు. ముందుకు నెట్టబడిన సైనికునకు మిగిలినది ముట్టడి ఒక్కటే గదా! నాలుకవలె పలుచనైన అసెదియా చేపల రాశిని పరికించి, మొహమును శిలామయము గావించి, తొలి బాణము సంధించెను.

"ఇవెప్పటివి రెగ్లా? వీటి కళ్ళు చూస్తే కొలంబస్‌ని ఓడెక్కించి వచ్చినట్టున్నాయి."

ఒకప్పుడు ఇలాంటి మాట అన్నవాళ్ళను రెగ్లా ఏడుతరాలు వెనక్కి తిప్పి కడిగేది. చేప మీద మాట పడనివ్వడమంటే ఆమెకు తల్లి మీద మాట పడనిచ్చినట్టే. ఆమె నోరు తెరిచింది. సెర్వాందో ఆశగా ఊపిరి బిగపట్టాడు.

"నిజమేనండి. కాస్త వాడినట్టే ఉన్నాయి. లోపల వేరేవి తీసిపెట్టా, అవిస్తాను" అంది రెగ్లా.

గుంపులో ఎవరో ముక్కు ఎగబీల్చారు. సెర్వాందో తడబడ్డాడు గాని తమాయించుకుని రెండో బాణం తీశాడు.

"సర్లే. తూచేటప్పుడు మాత్రం బొటనవేలు తీసి తూచు. ఇన్నేళ్ళలో మేం డబ్బిచ్చి కొన్న నీ వేళ్ళన్నీ లెక్కేస్తే ఈపాటికి నీకు మోచేతుల దాకా ఏమీ ఉండకూడదు."

రెగ్లా తన వేళ్ళను తానే చూసుకుంది. తరవాత ఒక గుప్పెడు రొయ్యలు తీసి అతని పొట్లంలో వేసింది.

"ఇవి మా తరపునండి. వేయించుకుని తినండి. బాగా చిక్కిపోయారు."

"మాట్లాడుతున్నాడు పాపం, మంచిదే. లోపల పెట్టుకుంటే గుండెకు పట్టేస్తుంది" అని అంగూస్తియాస్ పక్కావిడ చెవిలో గుసగుసలాడింది. ఆమె గుసగుస వినబడనివాళ్ళు ఆ బజారులో లేరు.

సెర్వాందో చెమట తుడుచుకుని గాల్వెస్ వైపు తిరిగాడు. బాల్యమిత్రుడి మీద నమ్మకం ఇంకా చావలేదు.

"ఈ ఊళ్ళో చేపలు ఎందుకింత దండిగా దొరుకుతాయో తెలుసా రెగ్లా? వీడు అతికించిన ఓడలన్నీ మునిగి వాటికి ఇళ్ళయ్యాయి. అద్దె లేదు కదా, సుఖంగా పిల్లల్ని పెడుతున్నాయి."

గాల్వెస్ పై పెదవి వణికింది. మెడ మీద నరం లేచింది. ముప్పై ఏళ్ళు కార్ఖానాలో ఒక్క మాట పడి ఊరుకోని మనిషి. అతను కళ్ళు మూసుకుని, మింగి, మిత్రుడి భుజం తట్టాడు.

"అవున్రా. నువ్వు చెప్పావంటే నిజమే."

అంతటితో సెర్వాందో అమ్ములపొది ఖాళీ అయింది.

ఇక మిగిలింది ఒకే ఒక్కటి. అది అతని మనసులో వారాలుగా ఉంది. దాన్ని తియ్యాలంటే అతనికే భయం. గురి తప్పిందా, రెగ్లా ఏడుస్తుంది, గుంపు ఏడుస్తుంది, ఇంటిదాకా వచ్చి సూపు కాచి పెడతారు, ఇక చచ్చేదాకా అతను దోన్ సెర్వాందో గారే. పైగా అది తొమాసాను తాకే బాణం. ఆమె పేరును బజారులో అలా వాడవచ్చా? వాడితే పాపమా?

అతనికి ఆసుపత్రి గుర్తొచ్చింది. చివరి వారంలో ఫాదర్ వచ్చి, మంచం దగ్గర నిలబడి, పోయేవాళ్ళకు పూసే తైలం సీసా తీస్తున్నాడు. తొమాసాకు మాట రావడమే కష్టంగా ఉంది. అయినా పక్క మంచం వైపు వేలు చూపించి, "నాకంటే ముందు ఆవిడ వచ్చింది ఫాదర్. లైను తప్పకండి" అంది. మొహంలో ఒక్క గీత కదల్లేదు. పక్క మంచం ఆవిడ నవ్వీ నవ్వీ, నర్సు పరుగెత్తుకు రావలసి వచ్చింది. సెర్వాందో మాత్రం బాత్‌రూములోకి వెళ్ళి కుళాయి విప్పుకుని ఏడ్చాడు.

ఇది గుర్తురాగానే అతని భయం పోయింది. ఆమె అయితే ఎప్పుడో వేసేది, ఇంత ఆలోచించేది కూడా కాదు.

అంతట ఆ వృద్ధవీరుడు పొట్లమును పలకపై నుంచి, రెండు చేతులను సంచీపై మోపి, కనుబొమ్మ కదలనీక, కంఠము వణకనీక, బ్రహ్మాస్త్రమును విడిచెను.

"నీ చేపల్ని ఇక ఏమీ అనను రెగ్లా. తొమాసా ఎప్పుడూ చెప్పేది, రెగ్లా దగ్గర చేపలు తింటే మనిషికి ఏమీ కాదని." చేపల రాశి మీదుగా చూపు తిప్పాడు. "ఇన్నేళ్ళు తింది కదా. చూశావుగా, ఏమైందో."

నిశ్శబ్దము! కత్తులు గాలిలో నిలిచెను. మంచుగడ్డ యొకటి గుట్టపై నుండి జారి నేలబడి ముక్కలగు చప్పుడు మండపమంతయు వినబడెను. పక్క కొట్టులో బేరమాడుచున్న స్త్రీ బేరము మరచెను. తూర్పుగాలి సైతము తలుపుకడ ఆగి తొంగిచూచెనని చెప్పిన నమ్ముదురు గాక, నమ్మకుందురు గాక.

సెర్వాందో మొహం రాయిలా ఉంది. రెగ్లా గడ్డం వణకడం చూశాడు. కళ్ళు నిండడం చూశాడు. అయిపోయింది, ఏడ్చేస్తోంది అనుకున్నాడు.

రెగ్లా కత్తిని పలక మీద పెట్టింది. పెట్టడం కాదు, గుద్దింది.

"ఏమన్నావ్?"

అన్నారు కాదు. అన్నావ్.

"నా చేపలు తినా? నా చేపలు తిని పోయిందా మా అక్క? ఒరే ముసలి బావా, నీ నోట్లో జెల్లీచేప పడా! నా చేపలే లేకపోతే నిన్ను కట్టుకున్న మర్నాడే పోయేది! శనివారం శనివారం ఇక్కడికొచ్చి గంటసేపు గాలి పీల్చుకుంది కాబట్టి గదా, మిగతా వారమంతా నీ మొహం చూసి బతికింది! డాక్టర్లు ఏదో నోరు తిరగని జబ్బు పేరు రాశారంట! జబ్బా? ఇదుగో జబ్బు! కాలరొక్కటీ ఇస్త్రీ చేసుకుని నా కొట్టు ముందు నిలబడుంది!"

మొదట పగిలింది గాల్వెస్. ఆ నవ్వు బయటికి వచ్చే దారి మరిచిపోయినట్టు ముందు ముక్కులోంచి, తరవాత చెవుల్లోంచి, చివరికి నోట్లోంచి వచ్చింది. అతను చలువరాతి పలక పట్టుకుని వంగిపోయాడు. ఆ వెంటనే కట్ట తెగినట్టు గుంపంతా విరుచుకుపడింది.

"నేనిందాకే చూశా కాలరు!" అని అంగూస్తియాస్ బండిని నేలకేసి కొట్టింది. "చూసి నోరు మూసుకున్నా! ఏప్రిల్ నుంచీ మూసుకునే ఉన్నా! నాకు కడుపుబ్బరం అందుకేనేమో, నేను అనవసరంగా మందులు మింగుతున్నా!"

"నీతో డామినోల్లో ఓడిపోవడం అంటే ఏంటో తెలుసట్రా నీకు?" అని గాల్వెస్ కళ్ళు తుడుచుకుంటూ అరిచాడు. "నీకంటే ఘోరంగా ఆడాలంటే ఎంత బుర్ర కావాలో తెలుసా? ఇంటికెళ్ళి ప్రాక్టీసు చేస్తున్నా!"

"అలాగైనా ఇంట్లో ఒక పని చేశావన్నమాట. మీ ఆవిడకి చెప్తా, సంతోషిస్తుంది" అన్నాడు సెర్వాందో.

"ఓడల మాట అన్నావు చూడు, నీ క్రేను కింద నేను హెల్మెట్టు పెట్టుకుని తిరిగేవాణ్ణి కాదురా, జేబులో మా అమ్మ ఫొటో పెట్టుకుని తిరిగేవాణ్ణి!"

బాణము మీద బాణము! ఒకడు అతని గడ్డమున గీయక విడిచిన తెల్లని ద్వీపమును చూపించెను. ఒకతె అతని సంచీకి పడిన చిల్లును కనిపెట్టి, వెనుక దారి పొడవునా పిల్లులు బారులు తీరియున్నవని ప్రకటించెను. సర్వాంగములు శరవిద్ధములై, ఆ వీరుడు ఆనందసముద్రమున మునిగి తేలుచుండెను. కానీ నవ్వకూడదు! అదే అసలైన పోరాటం. కడుపులో పుట్టిన నవ్వు రొమ్ములోకి ఎగబాకి, గొంతు కోటను ముట్టడించి, దంతప్రాకారము నెక్కి, పెదవుల తలుపులను తన్నుచుండ, అతడు దవడలను గడియలుగా బిగించి, ముక్కుపుటములను ద్వారపాలకులుగా నిలిపి, కన్నులను పైకప్పు ఇనుపదూలములపై నిలిపి, యుద్ధము సలిపెను. ఎడమ పెదవి కొస ఒకసారి లొంగబోయింది. నాలుక కొరికి దాన్ని వెనక్కి లాగాడు.

"గట్టిగా అరవకు రెగ్లా" అన్నాడు, అదే మొహంతో. "చచ్చినవాళ్ళు లేస్తారు."

"లేస్తే బాగుణ్ణు" అంది రెగ్లా.

ఆ మాట ఆమె అనుకోకుండా వచ్చేసింది. ఇద్దరూ ఒక్క క్షణం ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపులో గ్వాసా ఏమీ లేదు. రెగ్లాకు కూడా ఏప్రిల్ నుంచి శనివారాలు గడవడం లేదు. అతనితో ఆ మాట చెప్పుకోవడానికి లేకుండా చేసింది ఆ మర్యాదే. అతనికి అది ఇప్పుడే అర్థమయింది. కనక చెయ్యి చాచి ఆమె చేతిని తడదామనుకున్నాడు.

రెగ్లా ఆ చెయ్యి రావడం చూసి చప్పున పొట్లం లాక్కుంది.

"రొయ్యలిటియ్యి! నీ మొహానికి ఊరికే రొయ్యలా? బాధపడుతున్నావు గదా అని వేస్తే నా బొటనవేలు లెక్కపెడతావా?" ఒక్కొక్క రొయ్యనూ ఏరి మంచు మీదికి విసిరింది. "అసలు నిన్ను ముందుకెవరు రమ్మన్నారు? వీళ్ళందరూ మనుషుల్లా కనబళ్ళేదా? లైనూ లేదు, పాడూ లేదు! పో వెనక్కి!"

పో వెనక్కి! ఆ రెండు మాటలు అతని చెవుల్లో మంగళవాద్యాల్లా మోగాయి. ఇన్నాళ్ళూ ఊరంతా అతన్ని ముందుకు రమ్మని చంపుకు తింది. ఇప్పుడు మనవాడన్నట్టు ఒక మనిషి గద్దించింది.

అంతట సెర్వాందో, ఖాళీ సంచీని భుజమున వేసికొని, రాజ్యాభిషేకమునకు వెడలు చక్రవర్తి వలె మందగతిని వెనుకకు నడచెను. ఇందాక విచ్చుకొని దారి ఇచ్చిన గుంపు ఇప్పుడొక్క అంగుళమైనను కదలకుండెను. మోచేతులతో తోసికొని పోవలసివచ్చెను. దారిలో ఒకతె అతని కాలు తొక్కి క్షమాపణ చెప్పలేదు. గాల్వెస్ తన వంతు తనకు తిరిగి ఇచ్చేసినట్లు అతనిచే నలుగురి ఎదుట ప్రకటింపజేసి మరీ విడిచెను.

గుంపు అంచుకు చేరి, గొంతు సవరించుకుని, అతను మళ్ళీ అడిగాడు. "ఆఖరెవరు?"

"నేనే" అంది అంగూస్తియాస్, చెయ్యెత్తకుండా, బండి పిడి ఎత్తి చూపించి. "నా వెనకే ఉండు. కాళ్ళు పీకుతున్నాయని నస పెట్టావో, ఈ బండి నీ మీదికి ఎక్కిస్తా."

"దుఃఖం కాళ్ళలోకి దిగుతుందన్నావు కదమ్మా?"

"నీకు దిగడానికి అక్కడ చోటెక్కడుంది? అన్నీ ఆనెకాయలే."

అతను పెదవులు బిగించుకున్నాడు. విప్పితే నవ్వొచ్చేస్తుంది.

సరిగ్గా అప్పుడే, విధి ఆ వీరునికి కడపటి పరీక్ష పెట్టెను. పసిపిల్లను గుండెకు కట్టుకున్న ఒక పడుచు, ఆ పేటకు కొత్తగా కాపురమొచ్చిన అమ్మాయి, బజారులోకి వచ్చి మెల్లిగా అడిగింది. "ఆఖరెవరండీ?"

సెర్వాందో చెయ్యెత్తాడు. చంక కనబడేదాకా ఎత్తాడు.

"నేనే."

ఆ అమ్మాయి అతను సంతాపంగా కట్టుకున్న నల్లటి టై చూసింది. చొక్కా చూసింది. ఆమె తల ఒక పక్కకు వాలడం మొదలుపెట్టింది. "మీరు పెద్దవారు, ముందు మీరే తీసుకోండి. వీళ్ళని అడిగి చూస్తాను, దారిస్తారు" అంది.

సెర్వాందో ఎత్తిన చెయ్యి దించలేదు.

"వాడికా?" అని గాల్వెస్ అరిచాడు. "వాణ్ణి అక్కడే ఉండనియ్యమ్మా!"

"కదిలాడంటే చెప్పు, నేనున్నా" అంది అంగూస్తియాస్.

"అమ్మాయ్, కావాలంటే నువ్వు రా ముందుకి, చంటిపిల్ల ఉంది" అని రెగ్లా కొట్టులోంచి, బజారు ఆ చివరిదాకా వినబడేలా, అసలు గొంతుతో కేకేసింది. "ఆ ముసలాడు మాత్రం ఆఖర్నే ఉంటాడు!"

ఇట్లు త్రిసముద్రపరివేష్టిత కాదిస్ పురమున, కరుణాసైన్యమును పెడమరల్చి, సబంధుమిత్రముగా తిట్లు గడించి, చంటిపిల్ల తల్లికి చోటిచ్చుటచే క్యూలో ఇంకొక మెట్టు దిగజారి, సెర్వాందో మహావీరుడు సర్వజనసమ్మతముగా ఆఖరివాడాయెను. ఈ గాథను చదివినవారికి పుణ్యము వచ్చునని నేను హామీ ఇయ్యలేను. కాని కష్టకాలమున వారి ఇంటిముందు నిలిచి, కడిగి పారేయు మనిషి ఒక్కరైనను వారికి దొరకుగాక. జయము, జయము! వీరుడు ఇంకను తొమ్మిదిమంది వెనుక నిలిచియున్నాడు, క్యూ కదలుటలేదు.